సడన్ బ్రేక్ వేస్తే పాల క్యాన్‌ను ముందుకు తోసింది ఎవరు?

పరకాల బాపు:

అందరికీ నమస్కారం. ప్రశ్న నాది కాదు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా బిడ్డది. మూడు రోజుల నుంచి నన్ను వదలడం లేదు. నేను పరకాలలో టైలర్‌ని, ఇంటర్‌లో సీఈసీ. తెలిసినంతలో చెప్పాను. తనకు సరిపోలేదు. ఆలోచిస్తే నాకూ సరిపోలేదు.

పోయిన ఆదివారం లైనింగ్ గుడ్డ, జిప్పులు కొనడానికి ఇద్దరం హన్మకొండకు బస్సులో వస్తున్నాం. ముందు వైపు రెండో సీటు దొరికింది. డ్రైవర్ పక్కన ఉండే ఖాళీలో ఎవరో పాల క్యాన్ పెట్టారు. గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు ఇంకా రాకముందే బర్రె ఒకటి ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవర్ గట్టిగా బ్రేక్ తొక్కారు. ఆయన తప్పేం లేదు, తొక్కకపోతే బర్రె బతికేది కాదు. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. మా అమ్మాయి పెదవి ముందు సీటు రాడ్డుకు తగిలి చిట్లింది. పాల క్యాన్ అయితే పడలేదు. నిలబడే, తడి నేల మీద జారుకుంటూ పోయి అద్దం కింది రేకుకు ఠంగున కొట్టుకుంది. మూత సందులోంచి పాలు చిమ్మాయి.

పెదవికి కర్చీఫ్ అదిమి పట్టుకునే అడిగింది: "బాపూ, నన్ను ఎవరు తోసిన్రు?"

"ఎవరూ తొయ్యలేదు బిడ్డా, బ్రేక్ వేస్తే అట్లనే అయితది" అన్నాను.

"నేనంటే గట్టిగ పట్టుకోలే, పడ్డ. క్యాన్‌ను ఎవరు తోసిన్రు మరి? దానికి కాళ్లు చేతులు లేవు కదా!"

ఇంటికొచ్చాక పుస్తకం తీసి గమన నియమాల పాఠం చూపించాను. జడత్వం వల్ల ముందుకు పడతాం అని ఉంది. అక్కడితో అయిపోతుందనుకున్నా. "అంటే జడత్వం తోసిందా? అది ఒక బలమా? బలమైతే బ్రేక్ వెయ్యకముందు ఎక్కడుంది?" అని అడిగింది. ఇంకో ప్రశ్న కూడా ఉంది. గూడెప్పాడ్ దగ్గర బస్సు కుడికి తిరిగినప్పుడు మేమంతా ఎడమకు ఒరిగాం. ఎడమకు తోసింది ఎవరు?

సూత్రాలు రాస్తే నేను తనకు విడమరిచి చెప్పలేను. దయచేసి ఆ బస్సులోనే చెప్పండి.

నర్సంపేట సైన్స్ సార్:

మీ అమ్మాయి సరైన చోట పట్టుకుంది. పరీక్షలో "జడత్వం వల్ల" అని రాస్తే మార్కు వేస్తాం. జడత్వం తోసిందా అని ఎదురు అడిగే పిల్లలు అరుదు. నేను ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, అలా అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

జడత్వం బలం కాదు, ఉన్న తీరులోనే ఉండిపోయే గుణం. క్యాన్‌ను ఎవరూ ముందుకు తొయ్యలేదు. అది అప్పటికే ముందుకు పోతోంది.

ఇక్కడ కాసేపు ఆగండి. బస్సు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం, అంటే సెకనుకు 15 మీటర్లు. బస్సుతో పాటు సీటు, మీరు, అమ్మాయి, పాల క్యాన్, క్యాన్‌లోని పాలు, అన్నీ సెకనుకు 15 మీటర్లు పోతున్నాయి. అన్నీ కలిసి పోతున్నాయి కాబట్టి కూర్చున్నట్టు అనిపిస్తుంది. రోడ్డు పక్క నిలబడ్డవాళ్లు చూస్తే మీరూ బస్సంత వేగంగానే పోతున్నారు.

డ్రైవర్ బ్రేక్ తొక్కారు. బ్రేక్ పట్టుకున్నది చక్రాలను. చక్రాలు రోడ్డును రాసుకున్నాయి, రోడ్డు బస్సును వెనక్కి పట్టి లాగింది. బస్సు తగ్గింది. క్యాన్‌ను ఎవరు పట్టుకున్నారు? తడి రేకు నేల తప్ప ఎవరూ లేరు, ఆ పట్టు చాలలేదు. క్యాన్ తన 15 మీటర్ల వేగాన్ని దాదాపు అలాగే ఉంచుకుని పోయింది. కింద నుంచి బస్సు వెనకబడింది. లోపల కూర్చుని చూసేవాళ్లకు క్యాన్ ముందుకు దూకినట్టు కనిపించింది.

అమ్మాయికీ అంతే. కూర్చున్న చోట సీటు పట్టు ఉంది, పాదాల కింద నేల పట్టు ఉంది. నడుము పైన పట్టుకునేది ఏదీ లేదు. అందుకే తల ముందుకు పోయింది. పెదవి దగ్గర బలం పనిచేసిన మాట నిజం. అది రాడ్డు పెట్టిన బలం. వెనక్కి పెట్టింది, ముందుకు కాదు. తనను ముందుకు ఎవరూ తొయ్యలేదు, రాడ్డు ఆపింది. ఆపినందుకే పెదవి చిట్లింది.

"ఎవరు తోశారు" అనే చోట "ఎవరు ఆపలేదు" అని అడగమనండి. సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది.

మనకు ఇది ఒంటబట్టకపోవడానికి కారణం ఉంది. సైకిల్ తొక్కడం మానేస్తే ఆగిపోతుంది. ఎడ్లను విప్పితే బండి కదలదు. కదలాలంటే ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని కళ్లు చెప్తాయి. గ్రీకుదేశపు అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు, రెండు వేల ఏళ్లకు దగ్గర దగ్గర ఆ మాటే నడిచింది. ఇటలీలో గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి చూశాడు. పలక ఎంత నున్నగా ఉంటే గుండు అంత దూరం పోయింది. అసలు ఒరిపిడే లేకపోతే ఎందుకు ఆగాలి అని అడిగాడు. సైకిల్ దానంతటది ఆగడం లేదు, రోడ్డూ గాలీ బేరింగులూ కలిసి ఆపుతున్నాయి. న్యూటన్ 1687లో అచ్చు వేసిన ప్రిన్సిపియా అనే పుస్తకంలో దీన్నే మొదటి నియమంగా పెట్టాడు: బయటి నుంచి ఫలిత బలం, అంటే అన్ని తోపులూ కలిపితే మిగిలేది, లేకపోతే ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, పోతున్నది అదే వేగంతో, అదే దిక్కున తిన్నగా పోతూనే ఉంటుంది.

"అదే దిక్కున తిన్నగా" అన్నది మరిచిపోవద్దు. మీ గూడెప్పాడ్ మలుపుకు జవాబు అందులోనే ఉంది. బస్సు కుడికి తిరిగింది, మీ ఒళ్లు తిన్నగా పోబోయింది. ఎడమకు ఎవరూ తొయ్యలేదు. బస్సే మీ కింద నుంచి కుడికి జరిగింది. ఎడమ పక్క గోడ మీకు తగిలి మిమ్మల్ని కూడా కుడికి తిప్పింది.

డీసీఎం మిర్చి లోడు:

అన్నా, సార్ చివర చెప్పిన మాట నేను కళ్లారా చూశాను. చెప్పకుండా ఉండలేకపోతున్నా.

నాది డీసీఎం. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఏటూరునాగారం వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలుతాను. మిర్చి బస్తా చూడ్డానికి పెద్దది, బరువు తక్కువ. అందుకని లోడు ఎత్తుగా లేస్తుంది. ఒక రోజు బయలుదేరడమే ఆలస్యమైంది. తెల్లారేసరికి మార్కెట్లో ఉండాలని తొందర. పైవరస తాడు నేను స్వయంగా లాగి చూడలేదు, హమాలీ కట్టాడు కదా అనుకున్నా. ములుగు దాటాక గట్టమ్మ గుడి దగ్గర ఎప్పుడూ బండి నెమ్మది చేసి దండం పెట్టుకుని పోతాను. ఆ రోజు అదీ చెయ్యలేదు. మలుపులో స్టీరింగ్ తిప్పాను. పైన తాడు పట్ మన్న చప్పుడు వినిపించింది. అద్దంలో చూశా.

రెండు బస్తాలు గాల్లో ఉన్నాయి. అవి పక్కకు పోలేదన్నా. తిప్పకముందు బండి ఏ దిక్కున పోతోందో అదే దిక్కున తిన్నగా పోయాయి. రోడ్డు వంగింది, నేను రోడ్డుతో వంగాను, అవి వంగలేదు. రోడ్డు దిగి చెట్ల మొదట్లో పడి పగిలాయి. ఎర్రగా పరుచుకుపోయాయి. ఎదురుగా బైక్ ఏదైనా వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. రైతుకు ఆ రెండు బస్తాల పైసలు నా జేబులోంచే ఇచ్చాను, అది వేరే సంగతి.

అప్పటి నుంచి తాడు నేనే లాగి చూస్తాను. తాడు చేసే పని ఏందో ఆ రోజు అర్థమైంది. లోడును కింద పడకుండా పట్టుకోవడం ఒక్కటే కాదు, బండి తిరిగినప్పుడు లోడును కూడా తిప్పాలి, బండి ఆగినప్పుడు లోడును కూడా ఆపాలి. తాడు లేకపోతే బండికి ఒక దారి, లోడుకు ఒక దారి.

మా ఉస్తాద్ ఇనుప సలాకల లోడు ఎక్కించనిచ్చేవాడు కాదు, ముందు వైపు గట్టి అడ్డం లేకపోతే. బస్తా జారితే క్యాబిన్‌కు ఒరుగుతుంది. సలాక జారితే క్యాబిన్‌లోంచి దూసుకొస్తుంది. సీటులో ఎవరున్నారో చూడదు.

ఆయన నేర్పిన ఇంకోటి చెప్తా. బండి పూర్తిగా ఆగేముందు, ఇంకో మూర దూరం ఉందనగా, పెడల్ మీద కాలు కొంచెం తేల్చాలి. లేకపోతే ఆగిన క్షణంలో లోపలివాళ్లు వెనక్కి ఊగుతారు. ఎందుకు ఊగుతారో మాత్రం ఆయన చెప్పలేదు. సార్, మీరు చెప్పండి. ఇంకోటి, ఖాళీ బండి ఆగినంత దగ్గర్లో లోడు బండి ఆగదు. అది కూడా ఇదేనా?

హంటర్ రోడ్డు అమ్మ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సలాకల మాట చదివాక అడగాలనిపించింది. మా బాబుకు మూడేళ్లు, పన్నెండు కిలోలు ఉంటాడు. స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని అంగన్‌వాడీకి తీసుకెళ్తాను. వేగం 35 దాటను. మోకాళ్లతో గట్టిగా అదిమి పట్టుకుంటాను. అది చాలదా?

నర్సంపేట సైన్స్ సార్:

ముందు అక్కకు చెప్తాను, మిగతావి ఆగగలవు.

చాలదు అక్కా. మీ పట్టు గట్టిది కాదని కాదు, లెక్క అలాంటిది. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. బండి దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. బాబును కూడా అంత సమయంలోనే ఆపాలి. 10 మీటర్ల వేగం 0.1 సెకనులో పోవాలంటే త్వరణం, అంటే వేగం మారే తీరు, వెనక్కి ప్రతి సెకనుకు 100 మీటర్ల చొప్పున. పన్నెండు కిలోలను వందతో గుణిస్తే 1200 న్యూటన్లు. సుమారు 120 కిలోల బరువును ఎత్తి పట్టుకున్నంత. మన డీసీఎం తమ్ముడి మిర్చి బస్తాలు మూడింటిని, చెప్పాపెట్టకుండా మీ మోకాళ్ల మధ్య వేస్తే ఆపగలరా? ఏ తల్లీ ఆపలేదు. పైగా మీ ఒళ్లు కూడా అదే వేగంతో ముందుకు వస్తుంది, బాబు హ్యాండిల్‌కూ మీకూ నడుమ పడతాడు.

న్యూటన్ రెండో నియమం అంటే ఇదే. ఎంత బలం కావాలో తేల్చేవి మూడు: ద్రవ్యరాశి ఎంత, వేగం ఎంత మారింది, ఎంత సమయంలో మారింది. మొదటి రెండూ మన చేతిలో లేనప్పుడు మిగిలేది సమయం. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగేది అందుకే. తల ఆగడానికి ఇంకొన్ని క్షణాలు ఇస్తుంది, సమయం పెరిగిన కొద్దీ బలం తగ్గుతుంది. కారు బెల్టు చేసేదీ అదే. నాలుగేళ్లలోపు పిల్లలను బైక్ మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టుకునే సేఫ్టీ హార్నెస్ పట్టీలు, పిల్లలకు హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. బాబును వెనక కూర్చోబెట్టి హార్నెస్‌తో మీకు కట్టుకోండి. ముందు నిలబెట్టడం మాత్రం రేపటి నుంచే మానెయ్యండి. గట్టిగా చెప్తున్నానని బాధపడొద్దు.

ఇక తమ్ముడి ప్రశ్నలు. బ్రేక్ పడుతున్నంతసేపు మనం ఊరికే కూర్చోం. తెలియకుండానే పాదాలు అదిమి, వెన్ను బిగించి, ఒంటిని వెనక్కి లాక్కుంటూ ఉంటాం. బస్సు ఆగిన క్షణంలో వేగం తగ్గడం ఒక్కసారిగా ఆగిపోతుంది. మన కండరాలకు ఆ సంగతి తెలియడానికి కొంచెం టైం పడుతుంది, అప్పటిదాకా లాగుతూనే ఉంటాయి. అందుకే వెనక్కి ఊగుతాం. ముందుకు కుంగిన బండి స్ప్రింగులు కూడా తిరిగి లేస్తాయి. పెడల్ మెల్లగా తేల్చితే ఆ మార్పు ఒక్కసారిగా రాదు. మీ ఉస్తాద్ కాలితో కనిపెట్టింది అదే. అలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లను చూస్తే నాకు గౌరవం.

లోడు సంగతి: బ్రేకులు ఇవ్వగలిగిన బలానికి ఒక హద్దు ఉంది. బరువు రెట్టింపై బలం అంతే ఉంటే, వేగం సగం తీరులోనే తగ్గుతుంది, ఆగే దూరం రెట్టింపు. వేగం సంగతి ఇంకా కఠినం. వేగం రెట్టింపు చేస్తే ఆగే దూరం నాలుగింతలు. 40లో పది మీటర్లలో ఆగే బండికి 80లో నలభై మీటర్లు కావాలి. బర్రెను చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపు పోయే దూరం దీనికి అదనం.

పరకాల బాపు:

సార్, తమ్ముడూ, అక్కా, అందరికీ దండాలు. రాత్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చదివి వినిపించాను. గట్టమ్మ దగ్గర బస్తాలు తిన్నగా పోయిన చోట నన్ను ఆపి, కాగితం మీద రోడ్డు వంపు గీసి, బస్తాల దారి స్కేలుతో గీసింది. ఎడమకు ఎవరూ తొయ్యలేదని తనే చెప్పింది.

అయితే ఒక మెలిక మిగిలింది. బస్సును ఆపింది రోడ్డు అన్నారు. మరి బస్సును నడిపేది ఇంజన్ కదా, రోడ్డు కాదు కదా అంటోంది. మూడో నియమంలో చర్యకు సమానంగా ప్రతిచర్య ఉంటుందని చదివింది. రెండూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి, ఏదీ కదలకూడదు కదా అని పట్టుబట్టింది.

డీసీఎం మిర్చి లోడు:

దీనికి నేను చెప్తా సార్. అన్నా, వానాకాలంలో నల్లరేగడిలో బండి దిగబడింది చూశారా? ఇంజన్ అరుస్తుంది, చక్రం గిర్రున తిరుగుతుంది, బురద వెనక్కి చిమ్ముతుంది. బండి అంగుళం కదలదు. ఇంజన్‌లో లోపం ఏం లేదు. టైరు కింద రాళ్లో, తుమ్మ కొమ్మలో, గోనె సంచులో వేస్తే బయటికి వస్తుంది. బండిని నడిపేది ఇంజన్ ఒక్కటే అయితే ఆ రాళ్లతో పనేముంది?

నర్సంపేట సైన్స్ సార్:

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఇంజన్ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం రోడ్డును వెనక్కి తోస్తుంది, రోడ్డు చక్రాన్ని ముందుకు తోస్తుంది. బురదకు పట్టు లేదు, తిరిగి తొయ్యలేదు. కొట్టేసుకోవడం మాటకొస్తే, ఒక తోపు రోడ్డు మీద పడింది, ఇంకో తోపు బస్సు మీద పడింది. రెండూ ఒకే వస్తువు మీద పడితేనే కొట్టేసుకునేది. బస్సు ముందుకు పోయింది. రోడ్డు భూమికి అంటుకుని ఉంది, భూమి బరువు ముందు ఆ తోపు ఎంత?

అమ్మాయికి ఒక పని ఇస్తున్నాను. దారానికి ఇనుప నట్టు కట్టి బస్సు రాడ్డుకు వేలాడదీసి, పక్కన కోణమానిని పట్టుకొమ్మనండి. సాఫీగా ఒకే వేగంతో పోతున్నప్పుడు దారం ఎలా ఉంది, బయలుదేరేటప్పుడు ఎటు, బ్రేక్‌కు ఎటు, ఎన్ని డిగ్రీలు, రాయమనండి. మొదటి ఊపు లెక్కలోకి తీసుకోవద్దు, కుదురుకున్నాక చూడాలి. 10 డిగ్రీలు ఒరిగితే బస్సు వేగం ప్రతి సెకనుకు 1.7 మీటర్ల చొప్పున మారుతోందని అర్థం. 20 డిగ్రీలైతే 3.6.

పరకాల బాపు:

సార్, ఈ ఆదివారం మళ్లీ వెళ్లాం. మిషన్ డబ్బాలోంచి నట్టు తీసుకుని, నల్ల దారం మూరెడు తెంపి ఇచ్చాను. కోణమానిని తలకిందులుగా పట్టుకుంది. బస్సంతా మమ్మల్నే చూసింది.

పరకాల స్టాండులో బస్సు కదిలినప్పుడు నట్టు వెనక్కి పోయింది, 5 డిగ్రీలు. సాఫీ రోడ్డు మీద బస్సు ఒకే వేగం పట్టుకున్నాక గుంతలకు వణికింది తప్ప తిన్నగానే వేలాడింది. "బాపూ, ఇంట్ల కట్టినట్టే ఉంది చూడు, బస్సు పోతున్నట్టు దీనికి తెలుస్తనే లేదు" అంది. దాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లు ఈ బస్సుల్లో తిరిగాను, ఒక్కసారి కూడా గమనించలేదు.

గూడెప్పాడ్ దగ్గర ఆగేటప్పుడు ముందుకు 10 డిగ్రీలు. అంటే 50 వేగంలో వచ్చే బస్సు అదే తీరులో ఆగాలంటే 8 సెకన్లు పడుతుందని తనే లెక్క వేసింది. పూర్తిగా ఆగినప్పుడు నట్టు వెనక్కి ఊగి, మళ్లీ ముందుకు ఊగి, కుదుట పడింది. నట్టుకు కండరాలు లేవు కదా, అది ఎందుకు ఊగిందని అడిగింది. ముందుకు ఒరిగి ఉన్నదాన్ని వదిలేస్తే ఉయ్యాల లాగా ఊగదా అని నేనే చెప్పాను. ఒప్పుకుంది. తప్పైతే దిద్దండి సార్.

ఆ రోజు కూడా డ్రైవర్ పక్కన పాల క్యాన్ ఉంది. మా అమ్మాయి లేచి వెళ్లి కండక్టర్‌తో ఏదో చెప్పింది. ఆయన బ్యాగులోంచి తాడు తీసి, క్యాన్‌ను రాడ్డుకు రెండు చుట్లు చుట్టి కట్టారు.